మొదటి పుట దాకా: సాహిత్య విద్యార్థి, గ్రంథాలయం

గత వేసవి సెలవుల్లో ఎం.ఏ. తెలుగు చివరి సంవత్సరం చదువుతున్న ఒక అమ్మాయి తన లఘు పరిశోధన వ్యాసం చిత్తుప్రతి పట్టుకొని పుంగనూరులో మా ఇంటికి వచ్చింది. పదో తరగతి దాకా నా దగ్గర చదువుకున్న పిల్ల. తండ్రి మదనపల్లె మార్కెట్టుకు టమాటా తోలే చిన్నరైతు. ఆ ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి ఆమే. వ్యాసం మదనపల్లె ప్రాంతపు సాహిత్య వాతావరణం మీద. రెండో పుటలోనే ఒక వాక్యం దగ్గర నా పెన్సిలు ఆగింది. రవీంద్రనాథ్ ఠాకూర్ 1919లో మదనపల్లెలో జనగణమన గీతాన్ని రచించాడని ఆ వాక్యం.

"ఇది యాడ చూసినావమ్మా?" అని అడిగాను.

"మూడు పుస్తకాల్లో ఉంది సార్. అయినా మన పక్క అందరూ చెప్పుకొనే మాటే కదా సార్" అంది.

ఆ మూడు పుస్తకాలూ తెమ్మని చూశాను. మూడోది రెండోదాన్ని చూసి రాసింది. రెండోది మొదటిదాన్ని చూసి రాసింది. మొదటి పుస్తకం రాసిన పెద్దమనిషి తన ఆధారమేమిటో ఎక్కడా చెప్పలేదు. ఆమె మూడు సాక్ష్యాలనుకున్నది నిజానికి ఒకే మాట, మూడుసార్లు అచ్చయిన మాట.

వాస్తవం ఇది. జనగణమనను 1911 డిసెంబరు 27న కలకత్తా కాంగ్రెసు మహాసభలో పాడారు. 1912 జనవరిలో అది తత్త్వబోధిని పత్రికలో అచ్చయింది. ఆ తర్వాత ఏడేళ్లకు, 1919 ఫిబ్రవరిలో, ఠాకూర్ మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలకు అతిథిగా వచ్చాడు. అప్పటికే ఉన్న ఆ పాటను అక్కడివాళ్లకు పాడి వినిపించాడు. అక్కడే దాన్ని తానే ఇంగ్లీషులోకి అనువదించి 'ది మార్నింగ్ సాంగ్ ఆఫ్ ఇండియా' అని పేరు పెట్టాడు. కళాశాల ప్రిన్సిపాలు, ఐరిష్ కవి జేమ్స్ కజిన్స్ భార్య మార్గరెట్ కజిన్స్ సంగీతం తెలిసిన మనిషి. పాటకు స్వరాలు రాసింది ఆమె. మదనపల్లెలో జరిగింది అనువాదం, స్వరలేఖనం. రచన కాదు.

పిల్ల ముఖం చిన్నబోయింది. "అయితే మన ఊరి గొప్పతనం పాయె కదా సార్" అంది. పోలేదని ఆ రోజు ఆమెకు చెప్పాను. ఎందుకు పోలేదో చివర చెబుతాను. ఆ ముందు, ఆమె తప్పు ఆమె ఒక్కతెది కాదని చెప్పడం నా బాధ్యత. పదిహేడేళ్ల చదువులో ఆమెకు ఛందస్సు చెప్పారు, అలంకారాలు చెప్పారు, విమర్శ సిద్ధాంతాలు చెప్పారు. ఒక మాట మొదట ఏ పుటలో ఉందో వెతికి పట్టుకోవడం ఎలాగో ఎవరూ చెప్పలేదు. పాఠం చెప్పిన నేనూ చెప్పలేదు.

'అందరూ అంటారు' అనేది ఆధారం కాదు

పరిశోధనకు పనికివచ్చే ఆధారాలను మనం మూడు రకాలుగా విడదీసుకోవచ్చు. మొదటిది మూలాధారం: రచన తొలిసారి అచ్చయిన పత్రిక, రచయిత రాతప్రతి, ఉత్తరం, శాసనం, ఆనాటి నివేదిక. రెండోది ద్వితీయాధారం: ఆ మూలాన్ని చూసి తర్వాతివాళ్లు రాసిన విమర్శ, చరిత్ర. మూడోది ఆకరగ్రంథం: నిఘంటువు, విజ్ఞానసర్వస్వం, గ్రంథసూచి. మూడోది దారి చూపుతుంది. రెండోది చర్చ నేర్పుతుంది. రుజువు మాత్రం మొదటిదానిలోనే ఉంటుంది. మన విశ్వవిద్యాలయాల్లో పుట్టే వ్యాసాలలో చాలా భాగం రెండో మెట్టు మీదే కాపురం పెడుతున్నాయి.

దీనికి నేనే ఉదాహరణ. పదిహేనేళ్ల కిందట ఒక వ్యాసంలో తెలుగు కథ 1910లో 'ఆంధ్రభారతి'లో వచ్చిన గురజాడ 'దిద్దుబాటు'తో మొదలైందనీ, ఆ తొలి దశలో కథ రాసిన స్త్రీలు లేరనీ ధీమాగా రాశాను. వారం తిరక్కుండా ఒక పాఠకుడి నుంచి కార్డు వచ్చింది. 'హిందూసుందరి' పాత సంచికలు చూశారా అన్నది అందులోని ఏకైక ప్రశ్న. నేను చూడలేదు. నేను చూసినవన్నీ విమర్శ గ్రంథాలే. భండారు అచ్చమాంబ 'ధనత్రయోదశి' కథ 1902లోనే ఆ పత్రికలో వచ్చింది. 1905లోనే చనిపోయిన ఆ రచయిత్రిని సాహిత్య చరిత్ర చాలాకాలం కథకురాలిగా తలవలేదు. పాత పత్రికల దాకా వెళ్లి వెతికినవాళ్లు ఆమెను తిరిగి మన ముందు నిలబెట్టారు.

ఇందువల్ల గురజాడ స్థానం తగ్గదు. వాడుకభాషలో, సంఘసంస్కరణ దృష్టితో ఆయన చేసిన పని ఆయనదే. కానీ మన చరిత్రలో స్త్రీల స్థానం మారిపోతుంది. ఇక్కడ మనం గమనించవలసిన విషయం ఒకటుంది. అచ్చమాంబను చెరిపివేసింది ప్రతిసారీ పురుషాహంకారమే కానక్కర్లేదు. నాలాంటివాడి బద్ధకం కూడా అదే పని చేసింది. ప్రజల పక్షాన రాస్తున్నామని చెప్పుకొనే విమర్శకుడు ఆధారం చూడకుండా రాస్తే, పాత పెద్దలు గీసిన గీతనే మళ్లీ దిద్దుతాడు.

ప్రశ్న, పేరు, సరిహద్దు

గ్రంథాలయానికి వెళ్లే ముందు జరగవలసిన పని ప్రశ్నను తయారుచేసుకోవడం. 'మదనపల్లె ప్రాంత సాహిత్య వాతావరణం' అనేది విషయం పేరు మాత్రమే. '1915లో కళాశాల ఏర్పడిన నాటి నుంచి 1947 దాకా మదనపల్లె విద్యావంతుల సాహిత్య వ్యాసంగంలో తెలుగుకు ఎంత చోటు దక్కింది?' అనేది ప్రశ్న. ప్రశ్నలో కాలం ఉంది, చోటు ఉంది, తేల్చవలసిన అంశం ఉంది. అటువంటి ప్రశ్న ఉంటే ఏ పుస్తకం తీయాలో, అంతకంటే ముఖ్యంగా ఏ పుస్తకం తీయనక్కర్లేదో తెలుస్తుంది.

తర్వాత వెతకవలసిన పేర్ల పట్టిక రాసుకోవాలి. మన ప్రాంతపు విద్యార్థులు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. చిత్తూరు జిల్లా 1911 ఏప్రిల్ 1న ఏర్పడింది. అంతకుముందు మదనపల్లె తాలూకా కడప జిల్లాలో ఉండేది. పుంగనూరు జమీందారీ ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేది. కుప్పం ప్రాంతం కంగుంది జమీందారీ. అదీ ఉత్తర ఆర్కాటు కిందిదే. ఇవాళ బస్సులో గంటలోపు చేరుకొనే మదనపల్లె, పుంగనూరు ఆనాటి రికార్డుల్లో వేర్వేరు జిల్లాలన్నమాట. 19వ శతాబ్దపు సమాచారం కోసం 'చిత్తూరు' అనే మాట పట్టుకొని వెతికితే చిత్తూరు పట్టణం, తాలూకా దొరకవచ్చు గానీ ఈ మూడు ఊళ్లు దొరకవు. మదనపల్లె కోసం గ్రిబుల్ 1875లో తెచ్చిన కడప జిల్లా మాన్యువల్ చూడాలి. పుంగనూరు, కంగుంది కోసం కాక్స్ 1881లో రాయగా తర్వాత స్టూవర్ట్ సవరించిన ఉత్తర ఆర్కాటు మాన్యువల్ చూడాలి. వీటిని చదివేటప్పుడు ఇంకొక మెలకువ అవసరం. అవి శిస్తు వసూలు చేసే దొరలు పాలన కోసం రాసుకొన్న పుస్తకాలు. అంకెలు తీసుకోవచ్చు, రైతు గురించీ కులాల గురించీ వాళ్లు చేసిన తీర్పులను మాత్రం ప్రశ్నించి తీసుకోవాలి.

మనుషుల పేర్లతోనూ ఇదే చిక్కు. జాబితాలో చలం గుడిపాటి వెంకటచలంగా ఉండవచ్చు. శ్రీశ్రీ శ్రీరంగం శ్రీనివాసరావుగా, ఆరుద్ర భాగవతుల శంకరశాస్త్రిగా, రా.రా. రాచమల్లు రామచంద్రారెడ్డిగా ఉండవచ్చు. కలంపేరుతో దొరకలేదని లేచిపోకుండా ఇంటిపేరుతో, అసలు పేరుతో, పుస్తకం పేరుతో వెతకాలి. మూడు రకాలుగా వెతికాక గానీ 'లేదు' అనే మాట అనడానికి మనకు హక్కు రాదు.

మూడు ఊళ్లు, మూడు మెట్లు

నా దగ్గరకు వచ్చే పిల్లలకు నేను పుంగనూరు, మదనపల్లె, కుప్పం ఊళ్లను మూడు మెట్లుగా చెబుతుంటాను.

మొదటి మెట్టు పుంగనూరులాంటి చిన్న ఊరి శాఖా గ్రంథాలయం. అక్కడ పరిశోధన గ్రంథాలు ఉండవని చాలామంది గుమ్మం ఎక్కరు. నిజానికి పని అక్కడే మొదలుపెట్టాలి. ఆరుద్ర 'సమగ్ర ఆంధ్ర సాహిత్యం' వంటి చరిత్రలు, నిఘంటువులు, విజ్ఞానసర్వస్వాలు ఏ సంపుటాలు దొరికితే ఆ సంపుటాలు అక్కడే చూసి, తెలిసిన సంగతులేమిటో తేల్చుకోవాలి. పాత మాటకు శబ్దరత్నాకరం, సూర్యరాయాంధ్ర నిఘంటువు. వాడుకమాటకు 1852 నాటి బ్రౌన్ నిఘంటువు. వృత్తుల వాళ్ల మాటకు మాండలిక వృత్తి పదకోశం. ఏ అవసరానికి ఏ నిఘంటువు తీయాలో తెలియడం కూడా ఒక చదువే. ఊరి గ్రంథాలయంలో ఇంకో ఆధారం ఉంటుంది. అది గ్రంథపాలకుడు. అతన్ని తాళంచెవులు దాచే మనిషిగా చూడకుండా, ప్రశ్నను పూర్తిగా విప్పి చెప్పి సాయం అడగాలి.

రెండో మెట్టు మదనపల్లెలోని కళాశాల గ్రంథాలయాల వంటివి. ఇక్కడ నేర్చుకోవలసింది బీరువాల భాష. మన గ్రంథాలయాలలో చాలావాటిలో 1876లో అమెరికాలో డ్యూయీ ప్రవేశపెట్టిన దశాంశ వర్గీకరణ ఉంటుంది. దాని ప్రకారం తెలుగు సాహిత్యం 894.827, తెలుగు భాష 494.827, జానపద సాహిత్యం 398, భారతదేశ చరిత్ర 954. ఈ నాలుగు అంకెలు తెలిసిన విద్యార్థి ఏ ఊరి గ్రంథాలయంలోనైనా దారి తప్పడు. అయితే ఒకే విషయం ఒకే బీరువాలో ఉండదు. వేమన పద్యాలు సాహిత్యంలో ఉంటే, వేమన తత్త్వం మీది పుస్తకం తత్త్వశాస్త్రంలోనూ, ఆయన మీది పల్లెకథలు జానపదంలోనూ ఉండవచ్చు. అందుకని కావలసిన పుస్తకం దొరికినా వెంటనే వెనుదిరగకుండా, దాని పక్కనున్న పుస్తకాల వీపులు కూడా చదవాలి. దొరికిన పుస్తకాన్ని వెనుక నుంచి తెరవడం ఇంకో అలవాటు. చివరనున్న ఉపయుక్త గ్రంథాల పట్టిక మరో పది పుస్తకాలకు చిరునామా.

మూడో మెట్టు కుప్పం. 1997లో అక్కడ ద్రావిడ విశ్వవిద్యాలయం ఏర్పడింది. ఒకపక్క తమిళనాడు, మరోపక్క కర్ణాటక ఉన్న ఆ ఊళ్లో తెలుగు విద్యార్థికి పక్కభాషలను పరాయివిగా చూసే అవకాశమే లేదు. ఆ పక్క పల్లెల్లో పాటలు సేకరిస్తున్న ఒక కుర్రవాడు కొన్ని మాటలకు తెలుగు నిఘంటువుల్లో అర్థం దొరకక, వాటిని 'అపభ్రంశాలు' అని రాసుకొచ్చాడు. బరో, ఎమెనో 1961లో వెలువరించి 1984లో సవరించిన ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు తీసి చూడమన్నాను. వాటిలో కొన్ని తమిళ, కన్నడ మాటలకు చుట్టాలని తేలింది. పాడిన అవ్వ తప్పు పాడలేదు. మనవాడి వెతుకులాటే ఒక భాష దగ్గర ఆగిపోయింది.

ఈ మూడు మెట్లూ చాలని చోట ఇంకా ముందుకు వెళ్లాలి. పాత పత్రికల కోసం 1918 నుంచీ నడుస్తున్న వేటపాలెం సారస్వత నికేతనం ఉంది. కథల కోసం కాళీపట్నం రామారావు 1997లో శ్రీకాకుళంలో నెలకొల్పిన కథానిలయం ఉంది. తాళపత్రాల కోసం తిరుపతి ప్రాచ్య పరిశోధన సంస్థ, మద్రాసు ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారం ఉన్నాయి. అయితే ఏ సంచిక కావాలో, ఏ పుట కావాలో ముందే తేల్చుకొని వెళ్లాలి. ఛార్జీలకు డబ్బులు వెతుక్కొనే విద్యార్థికి ఈ జాగ్రత్త మరింత అవసరం.

తెర మీద వెతుకులాట

ఇప్పుడు అన్నీ ఫోనులోనే ఉన్నాయి కదా, గ్రంథాలయాలెందుకు అనే ప్రశ్న వస్తుంది. ఫోనులో చాలా ఉన్నమాట నిజమే. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పథకం కింద స్కాన్ చేసిన వేలాది తెలుగు పుస్తకాలు ఇవాళ ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో దొరుకుతున్నాయి. 1924లో మొదలై 1991 దాకా నడిచిన 'భారతి' వంటి పత్రికల సంచికలను ప్రెస్ అకాడమీ స్కాన్ చేయించింది. విశ్వవిద్యాలయాల సిద్ధాంత గ్రంథాలు 'శోధగంగ'లో ఉన్నాయి. మారుమూల పల్లెలోని విద్యార్థికి ఇది సామాన్యమైన మేలు కాదు.

కానీ ఉండటం వేరు, దొరకడం వేరు. ఈ స్కాన్ పుస్తకాల పేర్లను ఎక్కువగా ఇంగ్లీషు అక్షరాల్లో, ఎవరికి తోచినట్టు వాళ్లు ఎక్కించారు. 'చరిత్ర' అనే మాటకే నాలుగు రకాల స్పెల్లింగులు కనిపిస్తాయి. చాలా పుస్తకాలు బొమ్మలుగానే ఉంటాయి కాబట్టి లోపలి మాట పట్టుకొని వెతకడం కుదరదు. యూనికోడ్ కాని పాత ఖతుల్లో టైపు చేసినవాటిదీ అదే గతి. అందుచేత తెలుగు లిపిలో, ఇంగ్లీషు లిపిలో, వేర్వేరు స్పెల్లింగులతో వెతకాలి. శోధగంగలో తన విషయం మీద ఇదివరకే ఏం పని జరిగిందో పరిశోధన మొదలుపెట్టకముందే చూసుకోవాలి.

ఈమధ్య మరో కొత్త ప్రమాదం వచ్చింది. కృత్రిమ మేధను అడిగి గ్రంథసూచి తెచ్చుకొంటున్నారు. అది లేని పుస్తకానికి పేరు పెడుతుంది, రాయని రచయితను చూపుతుంది, పుటసంఖ్య కూడా ఇస్తుంది. అబద్ధం ఇంత మర్యాదగా మాట్లాడటం ఇదివరకు మనం ఎరగం. ఇందుకు నా దగ్గరున్న నియమం పాతదే. కంటితో చూడని పుటను ఆధారంగా చూపకూడదు.

చీటీ, పుటసంఖ్య, నిజాయితీ

వెతికి పట్టుకున్నది రాసుకోవడంలోనూ ఒక పద్ధతి ఉండాలి. ఒక చీటీ మీద ఒకే అంశం. పైన రచయిత, పుస్తకం, ప్రచురణ సంవత్సరం, ముద్రణ, పుటసంఖ్య. చదివిన గ్రంథాలయం పేరు. కింద మూలంలోని మాటలైతే కొటేషన్ గుర్తుల్లో, సారాంశమైతే 'సా' అని, తన ఆలోచనైతే 'నా' అని గుర్తుపెట్టాలి. నోటు పుస్తకమైనా ఫోనైనా పద్ధతి ఇదే. ఈ మూడూ కలిసిపోయిన చోటే గ్రంథచౌర్యం పుడుతుంది. అన్ని దొంగతనాలూ దురుద్దేశంతో జరిగేవి కావు. ఆరునెలల కిందట రాసుకున్న వాక్యం తనదో పరాయిదో మరచిపోయి జరిగేవి చాలా ఉన్నాయి.

యు.జి.సి. 2018లో గ్రంథచౌర్యం మీద నిబంధనలు తెచ్చింది. వాటి ప్రకారం 10 శాతం దాకా పోలికకు శిక్ష లేదు. అది దాటితే శాతాన్ని బట్టి శిక్ష పెరుగుతుంది. అప్పటి నుంచి విద్యార్థుల మధ్య చర్చంతా శాతం తగ్గించడం ఎలా అన్నదాని మీదే నడుస్తోంది. మాటలు మార్చి యంత్రాన్ని తప్పించుకోవచ్చు. కానీ ఒకరి శ్రమను తనదిగా చెప్పుకోవడం శాతాలతో కొలిచే విషయం కాదు. శ్రమదోపిడీ గురించి వ్యాసాలు రాసే మనకు ఇది వేరే చెప్పాలా?

దీనితోపాటు ఆధారాన్ని తూచడం కూడా నేర్చుకోవాలి. మళ్లీ మదనపల్లె సంగతికే వద్దాం. కజిన్స్ దంపతుల ఆత్మకథ 'వి టూ టుగెదర్' 1950లో అచ్చయింది. వాళ్లు ఆ రోజుల్లో ఠాకూర్‌తో పాటు మదనపల్లెలో ఉన్న ప్రత్యక్షసాక్షులు, కనుక ఆ సాక్ష్యం విలువైనదే. అయితే అచ్చయింది 31 ఏళ్ల తర్వాత. జనగణమన జాతీయగీతమైన సంవత్సరంలో. జ్ఞాపకానికి రంగు అంటే అవకాశం ఉంది. అదే 1912 జనవరి నాటి పత్రికకు మదనపల్లె గురించి తెలిసే అవకాశమే లేదు, కాబట్టి రచనాకాలం విషయంలో దాని సాక్ష్యాన్ని కాదనలేం. ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు, ఎందుకు చెప్పారు అన్నవి ప్రతి ఆధారాన్నీ అడగవలసిన మూడు ప్రశ్నలు.

ఇది ఎవరికి అందుతోంది?

ఇవన్నీ పట్నాల్లో, చదువుకొన్న కుటుంబాల్లో పిల్లలకు ఇంటి గాలిలోనే అందుతాయి. మొదటి తరం విద్యార్థికి అందవు. ఆ పిల్లకు తెలివి తక్కువై తప్పు రాయలేదు. ఎక్కడ అడగాలో తెలియక రాసింది. 1960 నాటి పౌర గ్రంథాలయాల చట్టం కింద ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్నుగా జనం కడుతున్నారు. అయ్యంకి వెంకటరమణయ్య వంటివారు నడిపిన గ్రంథాలయోద్యమం వల్ల మనకు ఈ హక్కు వచ్చింది. ఆ టమాటా రైతు కూడా ఆ పన్ను కట్టినవాడే. అతని కూతురికి గ్రంథాలయం వాడటం నేర్పకపోతే, కట్టించుకొన్న పన్నుకు బదులు చెప్పనట్టే.

కనుక నా ప్రతిపాదన ఒకటే. మన సంఘ శాఖలు సభలతోపాటు ఏడాదికి నాలుగు ఆదివారాలు స్థానిక గ్రంథాలయంలో కూర్చోవాలి. మొదటి ఆదివారం ప్రశ్న తయారుచేయడం, రెండో ఆదివారం జాబితా, వర్గీకరణ, మూడో ఆదివారం పాత పత్రికలు, తెర మీద వెతుకులాట, నాలుగో ఆదివారం చీటీలు, ఆధారాల పరీక్ష. ప్రతి విద్యార్థికీ 'అందరూ అనే' ఒక మాట ఇచ్చి, అది మొదట అచ్చయిన పుట పట్టుకు రమ్మనాలి. దీనికి భవనం అక్కర్లేదు, నిధులు అక్కర్లేదు. ముందు మనం నేర్చుకోవాలి, అంతే.

ఆ అమ్మాయి వ్యాసం తిరగరాసింది. 'రచించాడు' పోయి 'అనువదించాడు' వచ్చింది. కింద తాను చూసిన పుటల సంఖ్యలు వచ్చాయి. అక్కడితో ఆగకుండా ఆమె ఒక కొత్త ప్రశ్న రాసుకొచ్చింది. బెంగాలీ పాటకు మదనపల్లెలో ఇంగ్లీషు అనువాదం పుట్టింది, పాశ్చాత్య పద్ధతిలో స్వరాలు పుట్టాయి. మరి ఆ రోజుల్లో ఆ చుట్టుపక్కల తెలుగు మాట్లాడే జనానికి ఆ పాట ఏ రూపంలో అందింది, అసలు అందిందా?

దీనికి జవాబు నాకు తెలిసిన ఏ పుస్తకంలోనూ లేదు. ఊరి గొప్పతనం పోలేదని ఆ రోజు ఆమెతో ఎందుకన్నానో ఇప్పుడు ఆమెకే తెలుసు. అబద్ధపు గొప్ప పట్టుకొని ఉన్నంతకాలం ఈ ప్రశ్న పుట్టదు. సెలవుల తర్వాత ఆమె పాత పత్రికలు చూడటానికి వేటపాలెం వెళ్తానంది. ఏ సంవత్సరాలు, ఏ పత్రికలు చూడాలో ఇద్దరం కూర్చొని పట్టిక రాశాం.